కోడ్ చూడని కళ్ళు

మా కంపెనీ మొత్తం మీద పరిశుద్ధుడు ఎవరయ్యా అంటే, నేనే. ఇది నా అంతట నేను చెప్పుకుంటున్న మాట కాదు. మా లీగల్ డిపార్టుమెంటు విచారించి, పరిశీలించి, ముద్ర వేసి ప్రకటించిన మాట. ఈ సంగతి చెబితే మా ఆవిడ గరిటె పక్కన పెట్టి మరీ నవ్వింది. "మీరా?" అంది.

నా పేరు బోను దాలినాయుడు. విశాఖపట్నంలో సముద్రం కనబడే కొండ మీద ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో అడ్మిన్ ఆఫీసర్ని. అంటే కుర్చీ చక్రం ఊడినా, ఏసీ కారినా, బాత్రూములో కుళాయి కట్టెయ్యకపోయినా పిలిచేది నన్ను. సాఫ్ట్‌వేర్ అంటే ఏమిటో నాకు తెలియదు. తెలుసుకోమని ఎవరూ అడగలేదు. ఏళ్ల తరబడి అలా సుఖంగా ఉన్నాను.

మేము అమ్మే సరుకు పేరు 'క్యూ సామ్రాట్'. పెద్ద పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల్లో గుమ్మం దగ్గర మీట నొక్కితే టోకెన్ వస్తుంది చూడండి, తరవాత గోడ మీద టీవీలో నంబరు పడి ఒక ఆడగొంతు ఫలానావారు ఫలానా రూముకి వెళ్లండి అంటుంది చూడండి, అదీ. మా అద్దాల మేడ దాని లాభాలతోనే లేచింది. మా సీఈఓ కృపాకర్ గారు ప్రతి ఏడాదీ స్టేజీ ఎక్కి, "ఇది మన రక్తంతో, మన చెమటతో పుట్టిన సొంత బిడ్డ" అని గొంతు పూడుకుపోయేలా చెబుతారు. మేం చప్పట్లు కొడతాం. తరవాత బిర్యానీ ఉంటుంది.

ఆ బిడ్డ కన్నతల్లి ఒక రోజు పొద్దున్నే వచ్చి మా రిసెప్షన్లో కూచుంది.

ఆవిడ పేరు వసుమతి. కొండల దిగువన ఒక ఊళ్లో పాలిటెక్నిక్ లెక్చరరు. ఊరి పేరు చెప్పను, చెబితే అక్కడి ఆసుపత్రివాళ్లు నా మీద పడతారు. చాలా ఏళ్ల కిందట ఆవిడ తమ ఊరి గవర్నమెంటు ఆసుపత్రి కోసం 'వంతు' అని ఒక ప్రోగ్రాం రాసి, ఇంటర్నెట్టులో అందరికీ ఉచితంగా పెట్టేసిందట. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. షరతు ఒక్కటే. మార్చి అమ్మేవాడు ఆ మార్పును కూడా అదే పద్ధతిలో అందరికీ ఇచ్చెయ్యాలి. మావాళ్లు మొదటి ముక్క శ్రద్ధగా చదివారు. ప్రోగ్రాం దింపుకుని, నెత్తిన ఒక కిరీటం బొమ్మ పెట్టి, సామ్రాట్ అని పేరు మార్చి అమ్ముకున్నారు. షరతు దగ్గరికి వచ్చేసరికి లంచ్ టైమయింది కాబోలు.

"అమ్ముకున్నందుకు నాకేం బాధ లేదు బాబూ," అంది వసుమతి గారు. "కానీ మీ యంత్రంలో వరస తప్పటం లేదు. మా ఆసుపత్రిలో తప్పుతోంది. కొన్నాళ్లు బాగానే ఉంటుంది, ఉన్నట్టుండి ఏమవుతుందో, పొద్దున్న వచ్చిన ముసలమ్మ అలా కూచునే ఉంటుంది, ఇప్పుడొచ్చినవాడు లోపలికెళ్లిపోతాడు. మధ్యాహ్నానికి ఓపీ మూసేస్తారు. కొండ మీంచి నడిచొచ్చినవాళ్లు మందు లేకుండా నడిచి ఎల్లిపోతున్నారు. మా కాలేజీలో పెట్టి ఎన్నిసార్లు చూసినా నాకా తప్పు దొరకట్లేదు. మీవాళ్లెవరో దిద్దారు. ఏం దిద్దారో చెప్తే చాలు."

అంతేనా, ఇంత చిన్న కోరికా అనుకుని, ఆవిడకి టీ చెప్పి, హుషారుగా పైకి వెళ్లాను. ఆ తప్పు దిద్దినవాడు మా చీఫ్ ప్రోగ్రామర్ నజీర్. విషయం వినగానే అతని మొహం పాలిపోయింది.

"నేను చెప్పకూడదు దాలినాయుడు గారూ. బాండు రాయించుకున్నారు. బయటివాళ్లతో మాట్లాడితే ఉద్యోగం పోతుంది," అన్నాడు. అని, మళ్లీ, "ఆవిడ ప్రోగ్రాం చూసే నేను పని నేర్చుకున్నాను," అన్నాడు.

సంగతి మీటింగుదాకా వెళ్లింది. కుర్చీలు వేయించినవాణ్ణి కాబట్టి నేనూ ఒక మూల నిలబడ్డాను. కృపాకర్ గారు మంచి మనిషే. "పోనీ ఇచ్చేస్తే ఏమవుతుంది?" అన్నారు. అప్పుడు మా లీగల్ హెడ్ మార్తాండరావు గారు కళ్లజోడు తీశారు. ఆయన కళ్లజోడు తీశారంటే ఆ పూటకి ఇంకెవరూ బాగుపడరని అర్థం.

"అయ్యా, సదరు లైసెన్సు సంక్రమణ స్వభావము గలది. తాకినదెల్ల తనవంటిదిగా చేయును. నేడు ఒక దిద్దుబాటు ఇచ్చినచో, రేపు బిల్లింగు ప్రోగ్రాము, ఎల్లుండి జీతముల ప్రోగ్రాము, ఆవలి దినమున తమరి ల్యాప్‌టాపు! అన్నియు ఉచితమైపోవును."

కృపాకర్ గారు ల్యాప్‌టాప్ మీంచి చెయ్యి తీసేశారు. "అయితే అమ్మడం ఆపేద్దామా?"

"అమ్మకమునకు సంక్రమణ లేదు," అన్నారు మార్తాండరావు గారు. "లాభము నిర్లిప్తమైనది."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఇంతకీ ఆయన చెప్పిన చికిత్స ఏమిటంటే, ఆ కోడును ఎన్నడూ కన్నెత్తి చూడని మనిషి ఒకడు దాన్ని మొదటినుంచి మళ్లీ రాయాలి. అప్పుడది మన సొంతం. దానికోసం 'శుద్ధ కక్ష్య' అని ఒక గది కట్టాలి. ఆ పవిత్ర కార్యం పూర్తయ్యేదాకా పాత సరుకే అమ్ముకోవచ్చని లీగల్ తాత్కాలిక మినహాయింపు ఇచ్చింది.

"ఆ దిద్దిందేదో చెప్పేస్తే సరిపోదాండీ?" అని నేను మూలనుంచి అన్నాను. ఏసీ చప్పుడు చేస్తోంది చూడమని నన్ను బయటికి పంపించేశారు.

కింద వసుమతి గారితో, "మీ అభ్యర్థన పరిశీలనలో ఉందమ్మా" అన్నాను. అలా అనమన్నారు. నాకే సిగ్గేసింది. ఆవిడ టీ కప్పు బల్ల మీద పెట్టి, మళ్లీ వస్తానని వెళ్లిపోయింది.

ఆ మర్నాటినుంచి ఆఫీసులో అంటు పాటించడం మొదలయింది. ఉచిత కోడు చూసినవాళ్లందరికీ పసుపు పట్టీ, చూడనివాళ్లకి తెల్ల పట్టీ. పసుపువాళ్లు తెల్లవాళ్లతో మాట్లాడరాదు, ఒకే లిఫ్టు ఎక్కరాదు, క్యాంటీనులో ఒకే బల్ల మీద తినరాదు. మా పక్కింటి పెద్దావిడ మడి కట్టుకుని ఆవకాయ కలిపేటప్పుడు కూడా ఇంత చెయ్యదు. తీరా పట్టీలు పంచాక చూస్తే ప్రోగ్రామర్లందరూ పసుపే. ఉచిత కోడు చూడకుండా ఈ విద్య నేర్చుకున్నవాడు భూప్రపంచంలో లేడట. తెల్ల లిఫ్టు ఇంచుమించు ఖాళీగా పైకీ కిందకీ తిరిగేది.

అక్కడితో ఆగితే బాగుండేది. కాఫీ మెషీను లోపల కూడా ఉచిత సాఫ్ట్‌వేరే నడుస్తోందని ఎవడో వెధవ మార్తాండరావు గారి చెవిన వేశాడు. దాన్ని గోనెసంచిలో చుట్టి స్టోర్ రూములో పడేశాను. తరవాత హాజరు వేసే మెషీను. తరవాత లిఫ్టులు, రెండూ. ఏడో అంతస్తుదాకా అందరం ఆయాసపడుతూ ఎక్కాం. చివరికి కృపాకర్ గారి కొత్త కారు ముందు తెరలో కూడా అదే ఉందని తేలింది. కారుకి టార్పాలిన్ కప్పి గేటు బయట పెట్టించాను. పాపం ఆయన ఆటోలో వచ్చేవారు. ఆటో పరిశుద్ధమేనని లీగల్ రాసిచ్చింది.

ఇక శుద్ధ కక్ష్యకి మనిషి కావాలి. ఇంటర్వ్యూలు పెట్టారు. మొదట ఒక చురుకైన అమ్మాయి వచ్చింది.

"ఉచిత కోడును ఎన్నడైనా వీక్షించితివా?" అని మార్తాండరావు గారు అడిగారు.

"అదే చూసి నేర్చుకున్నాను సార్, నేనూ కొంత రాసి ఇచ్చాను," అని ఆ పిల్ల గర్వంగా చెప్పింది. ఆ అమ్మాయి కూచున్న కుర్చీ తుడిపించమని నాకు చెప్పారు.

ఆ తరవాత వచ్చినవాడు తనకి ప్రోగ్రామింగు రాదన్నాడు. బల్లకి అటువైపు అందరి మొహాలూ వెలిగిపోయాయి. అసలేమీ రాదా అంటే అసలేమీ రాదన్నాడు. జీతం ఎంత కావాలన్నదాకా వచ్చింది బేరం. అప్పుడు పాపం ఆ కుర్రాడు నిజాయితీగా, "ఇంటర్లో ఒకసారి మాస్టారు బోర్డు మీద రాస్తే చూశాను సార్, అర్థం కాలేదు" అన్నాడు. అర్థం కాకపోవడం మినహాయింపు కాదని పంపించేశారు.

కంపెనీలోనే గాలిద్దామన్నారు. గాలించగా, పై అంతస్తు మొత్తం పరిశుద్ధంగా తేలింది. సీఈఓ గారూ, వైస్ ప్రెసిడెంట్లూ, డైరెక్టర్లూ, ఒక్కరు కూడా జన్మలో కోడు మొహం చూసినవాళ్లు కారు. కానీ వాళ్లకి తీరిక లేదు. మిగిలింది ఎవరూ? స్టూలెక్కి ట్యూబులైటు మారుస్తున్న నేను.

"దాలినాయుడూ, నీవు ఎన్నడైనా కోడు చూచితివా?"

"పిన్‌కోడ్ చూశానండి."

ఆయన చాలాసేపు ఆలోచించి, అది దోషం కాదని తేల్చారు. అలా నేను స్టూలు మీదనుంచి దిగి ప్రధాన శుద్ధ ప్రోగ్రామర్నయ్యాను.

శుద్ధ కక్ష్య అంటే మా పాత మీటింగు హాలే. మధ్యలో ఒక తెర కట్టారు. ఆ తెర నేనే పూర్ణా మార్కెట్లో కొనుక్కొచ్చాను. తెరకి అటు నజీర్, ఇటు నేను, మధ్యలో మార్తాండరావు గారు చేతిలో గంటతో. పద్ధతి ఏమిటంటే, కోడు చూసినవాడు కోడు చెప్పకుండా అది చేసే పనిని మాత్రం మామూలు మాటల్లో నోటితో చెప్పాలి. కాగితం పనికిరాదు, రాస్తే హక్కులొస్తాయట. మాటల్లో కోడు వాసనొస్తే ఆయన గంట కొడతారు. నేను విని, నా సొంత బుర్రతో ప్రోగ్రాం రాయాలి. బుర్ర సంగతి ఎవరూ అడగలేదు.

"దాలినాయుడు గారూ," అంది తెర వెనక నజీర్ గొంతు. "ఆసుపత్రిలో టోకెన్ పెట్టె చవకది. దాని గడియారానికి బ్యాటరీ ఉండదు. కరెంటు పోతే గడియారం ఆగిపోతుంది. కరెంటొచ్చాక తిరుగుతుంది గానీ, ఇది ఏ ఏడాదో దానికి తెలీదు. ఎప్పుడో యాభై ఏళ్ల కిందటి తేదీ పట్టుకుంటుంది."

"అయ్యో రామా," అన్నాను.

"అప్పుడు టోకెన్ తీసుకున్నవాడు యాభై ఏళ్లుగా కూచున్నాడనుకుంటుంది. పాపం ఇన్నేళ్లు ఆగాడే అని వాణ్ణి ముందు పిలిచేస్తుంది. పొద్దున్న వచ్చినవాళ్లు వెనకబడిపోతారు. దానికి నేనేం చేశానంటే..."

గంట మోగింది. "చేశాను అనరాదు. ఒకడు ఏమి చేయవచ్చును అనవలెను."

"ఒకడు ఏం చెయ్యవచ్చంటే, గడియారాన్ని నమ్మడం మానెయ్యొచ్చు. ఎన్నింటికి వచ్చాడని కాకుండా, ఎవరి వెనక వచ్చాడో గుర్తుపెట్టుకుంటే చాలు. చీటీ చేతికిచ్చే ముందే గుర్తుపెట్టుకోవాలి, ఇచ్చాక కాదు. ఇంక కరెంటు ఎన్నిసార్లు పోయినా వరస చెదరదు. ఇప్పుడు మీరు చెప్పండి."

చెప్పాను. మళ్లీ చెప్పమన్నాడు. గట్టిగా చెప్పమన్నాడు. చిన్నప్పుడు ఎక్కాలు కూడా ఇంత గట్టిగా అప్పచెప్పలేదు నేను. "చీటీకి ముందా, తరవాతా?" అని పదే పదే అడిగాడు. ఇంత చిన్న విషయానికి ఇతగాడికి ఇంత ఆరాటమేమిట్రా బాబూ అని విసుక్కోబోయి ఆగిపోయాను. అతను చెబుతున్నది నాక్కాదు.

గంట పక్కన పెట్టి మార్తాండరావు గారు లేస్తుండగా, వినయంగా అడిగాను. "అయ్యా, నేను విన్నది ఎవరి సొత్తండీ?"

"ఎవరి సొత్తూ కాదు. అది కేవలము ఆలోచన. ఆలోచనకు హక్కుదారుడు ఉండడు. కనుకనే నీవు వినవచ్చును. అదియే ఈ పద్ధతిలోని ఘనత."

"మరి నాకు నిద్రలో కలవరించే అలవాటుంది. ఎవరి చెవినైనా పడితే?"

"పడనిమ్ము! కావలసినచో రోడ్డు మీద నిలబడి అరువుము. చట్టము నిన్నేమియు చేయజాలదు." ఆయనకి తన తెలివి మీద తనకే ముచ్చటేసి, నజీర్ని కూడా సాక్ష్యం అడిగారు. నజీర్ అటునుంచి, "అవును సార్, చాలా బాగా చెప్పారు" అన్నాడు.

పెద్దలు చెప్పాక కాదనకూడదు కదా. ఆ వారంలోనే వసుమతి గారు మళ్లీ వచ్చింది. ఈసారి ఆవిణ్ణి గేటు లోపలికి రానివ్వలేదు. పంపించెయ్యమని నన్నే పంపారు. ఎదుటి టీ బడ్డీ దగ్గర, బస్సులు పోయే రోడ్డు మీద నిలబడి, కరెంటు సంగతీ, గడియారం సంగతీ, చీటీ సంగతీ అక్షరం పొల్లుపోకుండా అప్పచెప్పాను. ఆవిడ వింటూ వింటూ నుదురు కొట్టుకుంది.

"ఓరి నాయనోయ్! మా కాలేజీలో ఇన్వర్టరుంది. కరెంటు పోతే కదా నాకు తెలిసేది!"

ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. టీ డబ్బులు నేనిస్తానంటే వినకుండా తనే ఇచ్చేసి బస్సెక్కి వెళ్లిపోయింది. నేను లోపలికి వచ్చి, ఆవిణ్ణి పంపించేశానని రిపోర్టు ఇచ్చాను.

ఈలోగా నా ప్రోగ్రాం ఎంతవరకు వచ్చిందో చూస్తామన్నారు కృపాకర్ గారు. వచ్చిన ప్రోగ్రాం ఏముంది నా మొహం! కంప్యూటరు తెరవడం కూడా పక్క సీటువాడు నేర్పాడు. ఏం చెయ్యాలో తోచక, వచ్చిన విద్యే చేశాను. హాల్లో కుర్చీలు వరసగా వేయించాను. మొదటి కుర్చీ మనిషి లేస్తే అందరూ ఒక్కో కుర్చీ ముందుకి జరగాలి. కొత్తగా వచ్చినవాడు చివరి కుర్చీలో కూచోవాలి. మంగలి షాపులో చేసేది అదే. డైరెక్టర్లందరినీ కూచోబెట్టి జరిపించాను. జరిగారు. కరెంటు తీసేసి కూడా జరిపించాను. అప్పుడూ జరిగారు.

కృపాకర్ గారు చివరి కుర్చీలోంచి లేచి, "ఇందులో కోడ్ ఎంతుంది?" అన్నారు. తిడతారనుకుని, "అసలు లేదండి" అన్నాను.

ఆయన మొహం చూడాలి. "జీరో కోడ్! ప్రపంచమంతా దీని వెనకే పరిగెడుతోంది!" అంటూ నన్ను కౌగిలించుకున్నారు. కోడు లేదు కనుక సంక్రమణకు ఆస్కారమే లేదని మార్తాండరావు గారు ధ్రువీకరించారు. నెల తిరక్కుండా 'క్యూ సామ్రాట్ నో-కోడ్ ఎడిషన్' పేరుతో కుర్చీలు మార్కెట్లోకి వెళ్లాయి. మామూలు సామ్రాట్ కంటే ధర ఎక్కువ. రెండు కార్పొరేట్ ఆసుపత్రులు కొన్నాయి కూడా, దేవుడు వాళ్లని చల్లగా చూడాలి.

అంతా బాగుందనుకుంటుండగా ఒక చిన్న నర్సింగ్ హోమ్‌వాళ్లు పాత సామ్రాట్ ఆర్డరు రద్దు చేసుకున్నారు. ఉచితంగా దొరికే 'వంతు' ఈమధ్య కొండల దిగువ ఆసుపత్రిలో చక్కగా పనిచేస్తోందట, కరెంటు పోయినా వరస తప్పటం లేదట. మార్తాండరావు గారు మళ్లీ కళ్లజోడు తీశారు.

"చౌర్యము! మన దిద్దుబాటు బయటికి పొక్కినది. నజీర్ తప్ప అది తెలిసినవాడు లేడు. దాలినాయుడు విన్నది కేవలము ఆలోచన, దిద్దుబాటు కాదు."

నజీర్ని నిలబెట్టారు. అతను నా వైపు చూడను కూడా లేదు. ఆ ఆసుపత్రికి వెంటనే నోటీసు ఇవ్వాలని నిర్ణయమయింది: యంత్రం ఆపెయ్యండి, లేదా కోర్టుకి రండి. అయితే ముందు యంత్రంలో దిద్దుబాటు నిజంగా ఉందో లేదో కళ్లారా చూడాలి. పసుపు పట్టీవాళ్ల సాక్ష్యం చెల్లదు కాబట్టి, శుద్ధుడే వెళ్లాలి. ఉందని నేను చెబితే ఆ పూటే నజీర్ ఉద్యోగం పోతుంది, అక్కడ యంత్రం ఆగిపోతుంది. రోడ్డు మీద అరిచింది నేనే మొర్రో అని చెబుదామని నోరు తెరిచాను. నజీర్ తల అడ్డంగా ఊపాడు. నేనొప్పుకున్నా యంత్రం ఎలాగూ ఆపించేస్తారు. నోరు మూసుకుని నోటీసు జేబులో పెట్టుకున్నాను.

ఆసుపత్రిలో ఎవరిని కలవాలన్నా టోకెన్ తీసుకోవాలట. సూపరింటెండెంటు కూడా ఓపీ చూస్తాడు. తీసుకుని బల్ల మీద కూచున్నాను. నా ముందు నంబరు ఒక ముసలమ్మది. మోకాళ్లదాకా దుమ్ము. కాసేపటికి కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. పిల్లలు ఏడుపందుకున్నారు. కరెంటు వచ్చింది. టోకెన్ పెట్టె కళ్లు ఆర్పింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన అప్పుడే వచ్చి మీట నొక్కి, చీటీ తీసుకుని, ఇక తనే కదా అన్నట్టు డాక్టరు గుమ్మంలో నిలబడ్డాడు.

గోడ మీద నంబరు పడింది. ముసలమ్మది. ఆవిడ కదల్లేదు.

"నీదే అవ్వా, ఎల్లు," అన్నాను.

"నాదేనా? ఆ బాబు నిలబడ్డాడు గదా?"

"ఆయన తరవాత. ఇప్పుడు నీదే."

"ఇంకెవులూ నేరా ముందర?" అని మళ్లీ అడిగి, ఎవరూ లేరన్నాక నా భుజం పట్టుకుని లేచి, లోపలికి వెళ్లింది. నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఇంతోటి దానికా మేం లిఫ్టులు మూసుకుని కూచున్నాం!

తరవాత నా నంబరు పడింది. డాక్టరు తలెత్తకుండా, "ఏటి బాధ?" అన్నాడు.

"ఆఫీసండీ," అన్నాను.

ఆయన బలం మాత్రలు రాసిచ్చాడు. నోటీసు జేబులోనే ఉంచుకుని బస్సెక్కేశాను.

ఆఫీసులో అందరూ నా కోసమే కూచున్నారు. నజీర్ గోడ పక్కన నిలబడ్డాడు.

"కరెంటు పోయినదా?" అన్నారు మార్తాండరావు గారు.

"పోయిందండి."

"వచ్చిన పిదప?"

"ఏం చెప్పమంటారండీ! నా వెనక వచ్చినవాళ్లందరూ లోపలికెళ్లిపోయారు. ఇస్త్రీ చొక్కాలవాళ్లయితే నడుచుకుంటూ ఎల్లిపోవడమే. ఓపీ మూసేదాకా కూచున్నాను. నా వంతు రాలేదు. నోటీసు ఇవ్వడానికే అవలేదు."

మార్తాండరావు గారు బల్ల చరిచారు. "చూచితిరా! ఉచితముగా వచ్చు వస్తువు ఇంతకన్న బాగుపడదని నేను చెప్పలేదా?" కృపాకర్ గారు చెమట తుడుచుకున్నారు. నర్సింగ్ హోమ్‌వాళ్లది వట్టి పుకారని రాసుకున్నారు. చౌర్యం జరగలేదు కనుక నోటీసు వాపసు, నజీర్ మీద విచారణ రద్దు.

వెళ్తూ వెళ్తూ మార్తాండరావు గారు నా భుజం తట్టి, కృపాకర్ గారితో అన్నారు. "శుద్ధుని పంపినచో ఇదే లాభము. అబద్ధమాడడు."

నజీర్‌కి ఒక్కసారిగా పొలమారింది. నేనే వెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చాను.